తెర వెనక కూర్చున్నవాళ్లు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మైదానంలో తెర కట్టి, వాతావరణ మార్పుల వల్ల ఊళ్లు వదిలిపోతున్నవాళ్ల మీద సినిమా వేశారు. టికెట్ లేదు. నిర్వాహకులను మెచ్చుకోవాల్సిందే. కుర్చీలు నిండిపోవడంతో నేను తెర అవతలికి వెళ్లాను. పక్కన కడుతున్న భవనంలో పనిచేసే కూలీలు అక్కడ నేల మీద కూర్చుని చూస్తున్నారు. గుడ్డ తెర కదా, బొమ్మ అటూ పడుతుంది, కాకపోతే కుడిఎడమలు తారుమారు. కింద వచ్చే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. చదువొచ్చినవాడికీ లాభం లేదు.

తెర మీద ఉప్పు తేలిన పొలం కనిపించినప్పుడు వాళ్లలో ఒకాయన, ‘మాదీ ఇంతే. మూడు పంటలు చూసి వచ్చేశాం’ అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

తర్వాత చర్చ పెట్టారు. మైకు ముందు రెండు వరుసలు దాటలేదు. మాట్లాడినవాళ్లంతా ‘వాతావరణ శరణార్థులు’ అన్నారు. కానీ 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధిస్తారని భయపడి దేశం దాటినవాళ్లకే వర్తిస్తుంది. సముద్రం మీదికొస్తోందని వచ్చినవాళ్ల ఊసు అందులో లేదు. పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు దీవులవాళ్లకు ఏటా 280 మంది చొప్పున ఆస్ట్రేలియాలో ఉండనిచ్చే ఒప్పందమే పెద్ద విశేషం అనుకోవాల్సిన పరిస్థితి.

అదీగాక, ఇల్లు వదిలేవాళ్లలో ఎక్కువమంది అసలు దేశమే దాటరు. ప్రపంచ బ్యాంకు 2021 నివేదిక ప్రకారం, గట్టి చర్యలు లేకపోతే 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశాల్లోనే మరోచోటికి తరలాల్సి రావచ్చు. తుఫానుకు ఇల్లు కూలితే అధికారులు వచ్చి రాసుకుంటారు. ఉప్పు ఏడాదికింత చొప్పున ఎక్కి, అప్పు పెరిగి, ఒకరోజు బస్సెక్కితే రాసుకునేదెవరు? దిగిన చోట అతను మామూలు వలస కూలీ. పని ప్రదేశాల్లో కూలీల పేర్లు నమోదు చేసే అధికారులు ‘ఊరు ఎందుకు వదిలారు’ అని ఒక్క గడి చేరిస్తే ఈ లెక్క కొంతైనా తేలుతుంది.

మళ్లీ సినిమా వేసేటప్పుడు కింద అక్షరాలతో సరిపెట్టకుండా ఒకరు మైకులో కథ చెప్తే బాగుంటుంది. చర్చ మొదలవగానే ఆ మైకును ముందుగా తెర వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు