పడవలో వచ్చిన తమ్ముడికి

వరద నీళ్లు మా మొదటి అంతస్తు మెట్ల దాకా వచ్చేసిన రాత్రి పడవేసుకుని వచ్చిన వాలంటీర్ తమ్ముడూ, ఆ కంగారులో నీ పేరు కూడా అడగలేదు నేను. మీరు నలుగురు వచ్చారు. ఒకరు తాడు పట్టుకుంటే ఇంకొకరు కర్రతో నేల తడుముతూ ముందు నడిచారు, ఎందుకంటే ఆ బురదనీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉన్నా కనిపించదు, ప్రవాహం జోరుగా ఉంటే అర అడుగు నీళ్లు చాలు మనిషిని పడెయ్యడానికి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, నీళ్లంటే విపరీతమైన భయం. పడవ ఎక్కనంటే ఎక్కనంది. నువ్వు తొందరపెట్టలేదు. నడుము లోతు నీళ్లలో మెట్టు మీద కూర్చుని, "నా మోకాలి మీద కాలు పెట్టండమ్మా, ఇదీ ఒక మెట్టే అనుకోండి" అన్నావు. పెట్టింది! తర్వాత లైఫ్ జాకెట్ బెల్టు బిగిస్తూ మందులు తెచ్చుకున్నారా అని అడిగి, ఇన్సులిన్ ఇంట్లోనే ఉండిపోయిందని తెలిసి, టార్చి పట్టుకుని మళ్లీ లోపలికెళ్లావు చూడు, అది మాత్రం జన్మలో మర్చిపోలేను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టావు.

మమ్మల్ని దింపగానే, ఇంకా డాబాల మీద జనం ఉన్నారంటూ వెనక్కి వెళ్లిపోయారు. ఆ అబ్బాయి క్షేమంగా ఉన్నాడా అని అమ్మ ఇప్పటికీ అడుగుతోంది. మీ నలుగురికీ చాలా చాలా థాంక్స్ తమ్ముడూ.