లోతు కాదు, నేలమట్టం అచ్చువేయించండి: జలాశయాల డిజిటల్ పటాలపై మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

విశాఖ చుట్టుపక్కల జలాశయాల్లో జీపీఎస్‌తో, నీళ్లలోకి శబ్దం పంపి లోతు చెప్పే సోనార్‌తో లోతులు కొలిచే కొందరం నమస్కరించి రాస్తున్నాం.

సముద్రం మీదికి వెళ్లే మన మత్స్యకారులకు అక్షాంశ రేఖాంశాలు కొత్త కాదు. చేపలు ఎక్కడ దొరుకుతాయో కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెప్పగానే ఆ అంకెలు జీపీఎస్ యూనిట్‌లో కొట్టి పడవ తిప్పుతారు. అదే యూనిట్‌ను మేఘాద్రి గెడ్డ జలాశయానికో రైవాడకో తీసుకెళ్తే చాలాసార్లు తెర మీద నీలం రంగు తప్ప ఏమీ ఉండదు. మిట్ట ఎక్కడో, మునిగిపోయిన పాత గెడ్డ (వాగు) దారి ఎక్కడో తెలియదు. ఈ లోటు తీర్చే పటాలు మీ శాఖ ఎప్పుడు చేయించినా, ముందు ఒక ప్రశ్న తేలాలి. పటం మీది అంకె ఏ రోజు నీటి నుంచి కొలిచింది?

సముద్రంలో ఆటుపోట్లకు లెక్క ఉంది. జలాశయంలో నీళ్లు వానకు ఎక్కుతాయి, తూము ఎత్తితే దిగుతాయి. మేఘాద్రి గెడ్డ పూర్తిస్థాయి నీటిమట్టం 61 అడుగులు. ఇది సముద్రమట్టం నుంచి లెక్క, లోతు కాదు. ఉదాహరణకు అడుగున ఒక మిట్ట 48 అడుగుల మట్టంలో ఉందనుకుందాం. జలాశయం నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే దాని మీద 13 అడుగుల నీళ్లు. పటంలో 13 అనే అచ్చవుతుంది. వేసవిలో మట్టం 52కు దిగాక అక్కడ ఉండేది 4 అడుగులే. పటం మాత్రం 13 అనే చెబుతుంది, వల మోడుకు చిక్కుతుంది, మోటారు రెక్క రాతికి తగులుతుంది. కాబట్టి పటంలో లోతు 13 వద్దు, నేలమట్టం 48 రాయించండి. ఆనకట్ట దగ్గరి గేజీ (నీటిమట్టం చూపే కొలబద్ద) మీద ఆ రోజు మట్టం చూసి అందులోంచి 48 తీసేసే లెక్క చదువు రానివాళ్లు కూడా నోటితో చేస్తారు. అమెరికాలో అమ్మే లేక్‌మాస్టర్ పటాల్లో ఈ తేడాను యూనిట్‌లోనే సరిచేసుకునే ఏర్పాటు ఉంది, కానీ ఈ రోజు మట్టం ఎంతో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇందులో ఇంకో చిక్కు. తాటిపూడి 297 అడుగులు, తాండవ 380 అడుగులు అంటాం. రైవాడకు వచ్చేసరికి 114 మీటర్లు, కోనాంకు 101.25 మీటర్లు. ప్రతి పటం మీదా అడుగులూ మీటర్లూ రెండూ ఉండాలి. మట్టాన్ని జీపీఎస్ చూపే ఎత్తు నుంచి తీసుకోవద్దని కాంట్రాక్టరుకు గట్టిగా చెప్పండి. మన తీరంలో జీపీఎస్ ఎత్తుకీ సముద్రమట్టానికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. కొన్ని యూనిట్లు దాన్ని సరిచేస్తాయి, కొన్ని చేయవు. జలవనరుల శాఖ గేజీ ఒక్కటే ఆధారం.

ఇక చోటు సంగతి. ఆనకట్ట కట్టకముందు గెడ్డ ఎటు పారేదో పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఉంటుంది. వాటి మీద గీసి డిజిటల్ చేయడం సులువు, తప్పు చేయడం అంతకన్నా సులువు. ఆ షీట్లు భూమి ఆకారానికి పాత లెక్క అయిన ఎవరెస్ట్ గోళాకృతి మీద గీసినవి, జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన ప్రాంతంలో 200 మీటర్లకు పైగా జరుగుతుంది. గెడ్డ లోతు అనుకున్నచోట మునిగిన పొలం గట్టు తగులుతుంది. ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు యూనిట్ తప్పు 3 నుంచి 5 మీటర్లే, జీపీఎస్ తప్పును సరిదిద్దే మన దేశపు గగన్ ఉపగ్రహ సంకేతం అందుకునే యూనిట్‌లో ఇంకా తక్కువ. అంటే పెద్ద తప్పు ఉపగ్రహంలో లేదు, కాగితంలో ఉంది. అంకె రాసే తీరులో కూడా ఉంది. 17 డిగ్రీల 45.50 నిమిషాలను 45 నిమిషాల 50 సెకన్లుగా కొడితే పడవ 600 మీటర్లు అవతల తేలుతుంది.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు పటంలో రంపప్పళ్లలా కనిపిస్తాయి. జీపీఎస్ యాంటెన్నా పడవ ముందు, సోనార్ శబ్దాన్ని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ వెనక, మధ్య 4 మీటర్లు ఉందనుకోండి. వెళ్లేటప్పుడు లోతు 4 మీటర్లు ముందుకు పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు అంతే దూరం అటువైపు. ఒకే గట్టు రెండు వరసల్లో 8 మీటర్ల తేడాతో వస్తుంది. రెంటినీ ఒకే కొయ్యకు, ఒకదాని మీద ఒకటి బిగిస్తే సగం గొడవ తీరిపోతుంది. మిగిలింది తేలాలంటే నిటారు గట్టు మీద ఒకే గీతలో రెండు వైపులా నడిపి చూడాలి. వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు.

రోజూ పని మొదలెట్టే ముందు ట్రాన్స్‌డ్యూసర్ కింద ఇనుప పళ్లేన్ని గొలుసుతో 2, 4, 6 మీటర్ల దగ్గర వేలాడదీసి సోనార్ అంకెతో సరిచూడాలి. తాడు పనికిరాదు, తడిస్తే పొడవు మారుతుంది. 20 డిగ్రీల సోనార్ కిరణం 10 మీటర్ల లోతులో మూడున్నర మీటర్ల వెడల్పు చూస్తుంది, అందులో మిట్టగా ఉన్నదాన్నే అడుగుగా రాసుకుంటుంది. ఇరుకు గెడ్డ దారి అందుకే పూడిపోయినట్టు కనిపిస్తుంది. కొండకర్ల ఆవలాంటి నాచు, తామర ఉన్నచోట సోనార్‌ను నమ్మనే వద్దు. వెదురుగడ చివర బురదలో దిగబడకుండా చెక్క బిళ్ల కొట్టి చేత్తో కొలవాలి.

పడవ కొలుస్తూ వెళ్లే వరసల మధ్య 25 మీటర్లకు మించి ఖాళీ వదిలితే ఆ ఖాళీని కంప్యూటరు ఊహించి గీస్తుంది. పటంలో ఒక్కో అడుగు ఎత్తుకూ ఒక మట్టం గీత ఉన్నంత మాత్రాన అది ఒక్క అడుగు తేడా వరకు నిజమని కాదు. అందుకే వరసలకు అడ్డంగా కూడా నాలుగైదు గీతలు నడిపించండి. రెండూ కలిసే చోట 30 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే అక్కడ బిల్లు ఆపి మళ్లీ కొలిపించండి.

మేం అడిగేవి ఇవి. పటం మూలన కొలిచిన తేదీ, ఆ రోజు గేజీ మట్టం, మట్టానికీ చోటుకీ వాడిన ఆధారం, వరసల మధ్య దూరం అచ్చువేయించండి. కొలిచిన గీతలు ఎటు వెళ్లాయో కూడా చూపించండి, కొలిచిందేదో ఊహించిందేదో వాడేవాడికి తెలియాలి. పెద్ద వరద వచ్చి ఒండ్రు దిగిన ఏడాది, గెడ్డ జలాశయంలో కలిసే మూతిని మళ్లీ కొలిపించండి. ఆనకట్టల దగ్గర రోజూ రాసుకునే మట్టం ఉదయం 6 గంటలకల్లా మత్స్యకార సహకార సంఘాల ఫోన్లకు చేరేలా జలవనరుల శాఖతో మాట్లాడండి. ఆ అంకె చేరని రోజు, పటం ఎంత బాగా కొలిచినా తీసివేత చేయడానికి వీలుండదు.

ఇట్లు,
విశాఖపట్నం జలాశయాల్లో లోతులు కొలిచేవాళ్లు