లెటర్ లేదని నా పార్టిషన్ చెరిపేశారు: సర్వీసు విభాగానికి ఫిర్యాదు

విజయవాడ,
17-11-2025.

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: నవంబర్ 3, 6 తేదీల్లో మా డీటీపీ సెంటర్‌లో మీవాళ్లు చేసిన పని వల్ల డ్రైవ్ లెటర్లు (డిస్కు భాగాలకి విండోస్ పెట్టే సీ, డీ, ఈ లాంటి అక్షరాలు) తారుమారవడం, ఉబుంటు (విండోస్‌లాంటిదే, లినక్స్ రకం ఓఎస్) ఉన్న పార్టిషన్, అంటే డిస్కు భాగం, చెరిగిపోవడం.

అయ్యా,

ఈ గొడవ మీ కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్లో చెప్పాను. నాలుగుసార్లూ కొత్త మనిషే, నాలుగుసార్లూ మొదటినుంచి చెప్పాల్సిందే. చివరిసారి ఎత్తిన అమ్మాయి ‘ఏ డ్రైవ్‌లో ప్రాబ్లం సార్?’ అంది. ‘ఈ డ్రైవ్‌లో’ అన్నాను. ‘అదే సార్, ఏ డ్రైవ్‌లో?’ అంది. ‘ఈ’ అన్నాను. ఆ అమ్మాయి తప్పు లేదు, నా తప్పూ లేదు. ఇద్దరం అలా ఏ, ఈ అనుకుంటుండగానే లైను కట్టయింది. ఇక ఇది ఫోన్లో తేలదని కాగితం మీద పెడుతున్నాను.

మా సిస్టం సంగతి ముందు చెప్పాలి. అందులో రెండు డిస్కులు ఉండేవి. 256 జీబీ ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) విండోస్ 10. ఒక టీబీ హార్డ్ డిస్కులో మూడు భాగాలు: 600 జీబీ భాగానికి ‘పనులు’ అని పేరు, 200 జీబీ భాగానికి ‘ఫోటోలు’ అని పేరు, మిగిలిన 131 జీబీలో ఉబుంటు. సిస్టం ఆన్ చేస్తే ఏది కావాలో అడిగే మెనూ వచ్చేది. శుభలేఖలు, బిల్ బుక్కులు, కరపత్రాల పనంతా విండోస్‌లోనే. మాకు ఇంకా పేజీలు దిద్దే పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత పద్ధతి అను తెలుగు ఫాంట్లే అన్నం పెడుతున్నాయి. ఉబుంటు పెట్టుకున్నది వేరే పనికి. పాత పుస్తకాలు స్కాన్ చేసి అక్షరాలు రాబట్టడం, అనులో కొట్టిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం అక్కడ చేస్తాను. ఎనిమిదేళ్లుగా ఈ రెండూ ఒకే డబ్బాలో పేచీ లేకుండా కాపురం చేశాయి.

అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయిందని, కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ 11 ఎక్కిస్తే నిశ్చింతగా ఉంటుందని చెప్పింది మీ సేల్స్ అబ్బాయే. సరేనన్నాను. 3వ తేదీ సోమవారం మీ టెక్నీషియన్ వచ్చాడు. 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ) బిగించి, దాంట్లో విండోస్ 11 వేసి, పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించి, పాత ఎస్ఎస్‌డీని ‘ఎక్స్‌ట్రా స్పేస్‌కి పనికొస్తుంది సార్’ అని అలాగే వదిలేసి, 7,850 రూపాయల బిల్లు చేతిలో పెట్టి వెళ్లాడు. అందులో 1,500 ఇన్‌స్టలేషన్ ఛార్జి. అంతా గంటన్నరలో అయిపోయింది. ఆ వేగం చూసి నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఒక పెళ్లి కార్డు ఫైలు తెరిస్తే వినాయకుడు లేడు, తోరణాలు లేవు, వధూవరుల ఫోటో లేదు. ప్రతి బొమ్మకీ ‘ఫైలు కనబడలేదు’ అని పేజ్‌మేకర్ ఒక డబ్బా చూపిస్తోంది. ఇంకో ఫైలు తెరిచాను, అదే తంతు. కారణం కనిపెట్టడానికి నాకు అరగంట పట్టింది. పెద్ద బొమ్మల్ని పేజ్‌మేకర్ ఫైల్లోకి మింగదు, అవి ఎక్కడున్నాయో దారి మాత్రం రాసుకుంటుంది. ఆ దారి ‘డీ’తో మొదలవుతుంది. నిన్నటిదాకా ‘పనులు’ భాగమే డీ. ఈరోజు డీ తెరిస్తే పాత విండోస్ 10 ఫోల్డర్లు కనబడుతున్నాయి. ‘పనులు’ వెళ్లి ‘ఈ’ అయింది, ‘ఫోటోలు’ ‘ఎఫ్’ అయింది.

మీ మనిషికి అర్థం కానిది ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డ్రైవ్ లెటర్ డిస్కు మీద రాసి ఉండదు. అది విండోస్ తన రిజిస్ట్రీలో (సెట్టింగులు రాసుకునే ఖాతా), ‘మౌంటెడ్ డివైసెస్’ అనే చోట, తన సౌకర్యం కోసం రాసుకున్న జాబితా. మా వీధి పోస్టుమాన్‌కి ‘వేపచెట్టు ఇల్లు’, ‘రెండు గేట్ల ఇల్లు’ అని గుర్తులుంటాయి చూడండి, అలాంటిది. కొత్త పోస్టుమాన్ వస్తే కొత్త గుర్తులు పెట్టుకుంటాడు. ఇంటి సర్వే నెంబరు మారదు. ప్రతి పార్టిషన్‌కీ ఆ సర్వే నెంబరులాంటి పొడుగాటి గుర్తింపు ఒకటి ఉంటుంది. కొత్త విండోస్ వేయడమంటే కొత్త పోస్టుమాన్ రావడమే. అతను తన ఇంటిని సీ అన్నాడు. పాత విండోస్ కూడా తన రోజుల్లో తనని తాను సీ అనే పిలుచుకుంది. ఒకే సిస్టంలో ఎన్ని విండోస్‌లున్నా ఎవరికి వాళ్లే సీ. ఇప్పుడు కొత్తాయనకి పాత సీ కనబడింది, దానికి డీ అని పేరు పెట్టాడు. అక్కణ్ణుంచి అందరూ ఒక్కో మెట్టు దిగారు.

(ఉబుంటులో ఈ బాధ లేదు. ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో దాని ‘ఎఫ్‌స్టాబ్’ ఫైలు గుర్తింపు నెంబరుతోనే రాసుకుంటుంది. విండోస్‌కి ఈ అక్షరాలు డాస్ కాలం నుంచి వచ్చిన వారసత్వం. ఏ, బీ ఫ్లాపీలవి, 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో హార్డ్ డిస్కు వచ్చాక దానికి దక్కింది సీ. ఫ్లాపీలు పోయి ఎన్నేళ్లయినా ఆ రెండు అక్షరాలూ వాటి కుర్చీలు ఖాళీ చేయలేదు.)

దీనికి మందు తొమ్మిది నిమిషాల పని. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పాత ఎస్ఎస్‌డీ భాగానికి డీ తీసేసి జెడ్ ఇవ్వాలి. డీ ఖాళీ అయ్యాక ‘పనులు’కి డీ ఇవ్వాలి. అప్పుడు ‘ఈ’ అక్షరం ఖాళీ అవుతుంది, అది ‘ఫోటోలు’కి ఇవ్వాలి. ఈ వరసలోనే చేయాలి, ఉన్న మనిషి లేవకుండా కుర్చీ ఇంకొకరికి ఇవ్వలేం కదా. తొమ్మిది నిమిషాలని ఎందుకంటున్నానంటే, 6వ తేదీ రాత్రి మీ మనిషి వెళ్లాక నేనే గడియారం చూసుకుంటూ చేశాను కాబట్టి. కార్డులన్నీ మళ్లీ బొమ్మలతో సహా తెరుచుకున్నాయి.

కానీ ఆ పగలు, దీన్ని సరిచేయడానికి మళ్లీ వచ్చిన మీ మనిషి చేసింది వేరు. మొదట ‘పాత ఎస్ఎస్‌డీ వల్లే సార్’ అని దాని కేబుల్ పీకేశాడు. సిస్టం అసలు బూట్ కాలేదు. అతను కంగారుపడ్డాడు, నాకు కారణం తర్వాత తెలిసింది. విండోస్ 11 వేసేటప్పుడు పాత డిస్కు తీయకుండానే వేశాడు. సెటప్ తన బూట్ ఫైళ్లను పాత ఎస్ఎస్‌డీలో ముందే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే (సిస్టం ఆన్ కావడానికి కావలసిన ఫైళ్లుండే చిన్న భాగం) సర్దింది. అంటే కొత్త ఇంటి తాళంచెవి పాత ఇంట్లో ఉంది. మళ్లీ కేబుల్ తగిలించాక బతికింది. కొత్త డిస్కు మీద విండోస్ వేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు తీసి పక్కన పెట్టాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. మీ జాబ్ షీటులో ఆ గడే లేదు.

ఉబుంటు మెనూ రావట్లేదని అడిగితే ‘విండోస్ 11లో ఉబుంటు సపోర్టు చేయదు సార్, అది పోయినట్టే’ అన్నాడు. అది అబద్ధం, లేదా తెలియనితనం. ఆ నిమిషానికి ఉబుంటు నిక్షేపంగా ఉంది. బయోస్‌లో (ఆన్ చేయగానే ముందు నడిచే సెట్టింగుల చోటు) బూట్ ఆర్డర్, అంటే ఏది ముందు తెరవాలన్న వరస, మాత్రమే మారింది. అక్కడ ఉబుంటుని పైకి జరిపితే మెనూ వచ్చేసేది.

అప్పుడే జరిగింది అసలు ఘోరం. నేను ప్లేట్ల కోసం ప్రెస్‌కి వెళ్లి వచ్చేసరికి కొత్తగా ‘జీ’ అని ఒక డ్రైవ్ ఉంది. ‘మీకు 131 జీబీ స్పేస్ వేస్టుగా పడుంది సార్, వాడుకలోకి తెచ్చాను’ అని నవ్వుతూ చెప్పాడు. ఏం చేశావు బాబూ అంటే, ‘దానికి లెటర్ లేదు సార్. లెటర్ లేదంటే ఖాళీ అన్నట్టే. డిలీట్ వాల్యూమ్ కొట్టి, కొత్తది చేసి, క్విక్ ఫార్మాట్ కొట్టాను.’ అందులో డ్రైవర్ల ఫోల్డర్ ఒకటి, ఆరు జీబీది, కాపీ కూడా చేసి పెట్టాడు.

మేనేజర్ గారూ, లినక్స్ భాగానికి విండోస్ లెటర్ ఇవ్వదు. ఇవ్వకపోవడమే సరైన పని. అలాంటి భాగం మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మిగతా ఆప్షన్లన్నీ మసకగా ఉండి ‘డిలీట్ వాల్యూమ్’ ఒక్కటే నల్లగా కనబడుతుంది. ఉన్న ఒక్క బొత్తామూ అదే కాబట్టి అదే నొక్కాలనుకున్నాడేమో. కానీ ఆ గడిలో ‘హెల్దీ’ అని కూడా రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి, పేరు తెలియదని శ్మశానానికి మోసుకెళ్తారా? ఖాళీ జాగా అయితే ‘అన్ఎలొకేటెడ్’ అని, పైన నల్ల పట్టీతో చూపిస్తుంది. ఆ తేడా తెలియని మనిషిని రెండు ఓఎస్‌లున్న సిస్టం మీదికి పంపించారు.

ఆ ఉబుంటులో ఏముందో చెప్పాలి. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి శతకం, మూడో ప్రూఫు దిద్దుబాట్లతో సహా. రెండు పాత పుస్తకాల స్కానింగులు. అను నుంచి యూనికోడ్‌కి మార్చడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాములు. 7వ తేదీ మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, డేటా రికవరీకి 12,000 రూపాయలవుతుంది, గ్యారంటీ లేదు అన్నారు. మీరు చెరిపిన దాన్ని మీరే తిరిగివ్వడానికి నాకు కొటేషన్!

హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్లో చెబుతుంటే నేనే చేశాను. ముందు ఆ డిస్కులో ఇంకేమీ రాయకుండా, ఉబుంటు పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, 131 జీబీనీ ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి ఇమేజ్ (మొత్తం నకలు) తీశాను. తర్వాత టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాంతో పాత పార్టిషన్ హద్దులు దొరికాయి. మీ ఫార్మాట్ మొదటి కొన్ని కిలోబైట్లు తుడిచేసింది, లినక్స్ భాగం తన వివరాలు రాసుకునే సూపర్‌బ్లాక్ అక్కడే ఉంటుంది. అదృష్టం ఏమిటంటే దానికి నకళ్లు ఇంకా కొన్ని చోట్ల ఉంటాయి. 32768వ బ్లాకులో ఉన్న నకలుతో మరమ్మతు చేస్తే ఫోల్డర్లు తేలాయి. ఇది తిరిగే హార్డ్ డిస్కు కాబట్టి బతికిపోయాను. ఎస్ఎస్‌డీ అయ్యుంటే ఫార్మాట్‌తోపాటు వెళ్లే, చెరిపిన చోటు ఖాళీ చేసుకోమనే ట్రిమ్ ఆదేశంతో దాదాపు ఏమీ మిగిలేది కాదు. మీ డ్రైవర్ల ఫోల్డర్ కూర్చున్న చోట మాత్రం 41 ఫైళ్లు పోయాయి. వాటిలో శతకం ప్రూఫు ఒకటి. మాస్టారికి చెబితే ఏమీ అనలేదు, భూతద్దం పట్టుకుని మళ్లీ మొదటి పద్యం నుంచి కూర్చున్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకొకటి, చిన్నదే. 12వ తేదీ ఉబుంటులో ‘పనులు’ తెరిస్తే ఏదీ సేవ్ కావడంలేదు. మీ హెల్ప్‌లైన్ వినీ వినగానే హార్డ్ డిస్కు పోతోంది, 4,200 పెట్టి కొత్తది వేయించండి అంది. డిస్కుకి ఏ రోగమూ లేదు. విండోస్ 11లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంది, షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది. అలా వదిలిన డిస్కు మీద రాయడానికి ఉబుంటు ఒప్పుకోదు. పవర్ ఆప్షన్స్‌లో ఒక టిక్కు తీశాను, తీరిపోయింది.

నేను అడిగేవి ఇవి. ఇన్‌స్టలేషన్ ఛార్జి 1,500 వాపసు ఇవ్వాలి. ఎస్ఎస్‌డీ బాగానే ఉంది, దాని డబ్బులు అడగను. ఆ వారం చేజారిన రెండు కార్డు పనుల తాలూకు 6,400 నష్టపరిహారంగా ఇవ్వాలి, రద్దయిన ఆర్డర్ల కాగితాలు జత చేశాను. విండోస్ బూట్ ఫైళ్లను కొత్త ఎస్ఎస్‌డీలోకి మార్చడానికి తెలిసిన మనిషిని ఉచితంగా పంపాలి, ఎందుకంటే ఈరోజు పాత ఎస్ఎస్‌డీ చస్తే రెండూ చస్తాయి. మీ జాబ్ షీటులో ‘కస్టమర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ పార్టిషన్ డిలీట్ చేయరాదు’ అన్న గడి చేర్చి, ఆ షీటు కాపీ నాకు పంపాలి. ఈ నాలుగోది నాకు డబ్బుకంటే ముఖ్యం.

ఆ కుర్రాడి ఉద్యోగం తీసేయమని మాత్రం నేను అడగడంలేదు. అతను రోజుకి ఎన్ని సిస్టంలు ముగించాలో మీ టార్గెట్ కాగితం అతని జేబులోంచి తొంగిచూస్తుంటే నేనే చూశాను. నేర్పించకుండా పరిగెత్తించింది మీరు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇప్పటికే నమోదు చేయించాను.

ఇట్లు,
ప్రొప్రయిటర్,
డీటీపీ సెంటర్, గవర్నర్‌పేట.

జత: బిల్లు, రెండు జాబ్ షీట్లు, 6వ తేదీ డిస్క్ మేనేజ్‌మెంట్ ఫోటో, రద్దయిన ఆర్డర్లు, పోయిన ఫైళ్ల జాబితా.

తా.క.: మీవాళ్లు మళ్లీ వస్తే సులువుగా ఉంటుందని క్యాబినెట్ లోపల చీటీ అంటించాను. ఏ డిస్కులో ఏ భాగం ఎన్ని జీబీలో, దాని పేరేమిటో ఉంది. లెటర్లు కావాలనే రాయలేదు.