సంతకం పెట్టనివాడి సంగతి

ఆదోని.

చిరంజీవి పెద్దబ్బాయికి మీ నాయన ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమము. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంత తగ్గినది. నీ ఫోను రాక చాలా రోజులైనది. అంగడి పనుల వలననే అనుకుంటున్నాము. మొన్న మార్కెట్ యార్డులో మీ కోటవీధి బావ కనబడి, నీవు అప్పులవాళ్ళనందరినీ కూర్చోబెట్టి రూపాయికి ఎనిమిదణాల లెక్కన, అంటే సగానికి, వాయిదాలలో తీర్చేటట్లు ఒప్పించినావనీ, ఐపీ (దివాలా పిటిషను) పెట్టే దాకా రాలేదనీ చెప్పినాడు. నిజమా అని నేను అడగడము లేదు. ప్లీడరు గుమాస్తాగా బ్రతికినవాణ్ణి గనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను, అంతే.

అటువంటి ఒప్పందము చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 63వ సెక్షనులో సరిగ్గా నీ లెక్కే ఉదాహరణగా ఉన్నది: రెండు వేలు రావలసినవాడు తక్కిన అప్పులవాళ్ళతో పాటు ఎనిమిదణాలకు ఒప్పుకొని వెయ్యి పుచ్చుకుంటే అతని బాకీ తీరినట్లే. అయితే అది ఒప్పుకున్నవాళ్ళకు మాత్రమే.

శెనక్కాయల మిల్లు షావుకారి సంగతి నీకు చెప్పినానో లేదో. ఆయన ఒప్పంద కాగితము నా చేతితోనే వ్రాసినాను. అందరూ సంతకాలు చేసినారు. ఒక్క వడ్డీ వ్యాపారి మాత్రము కాఫీ త్రాగి, 'రేపు చేస్తాను' అని లేచిపోయినాడు. ఊరంతా ఒప్పుకున్నాక వీడొక్కడు ఏమి చేస్తాడులే అని షావుకారు యంత్రాలు అమ్మి మొదటి వాయిదా పంచినాడు. సంతకము చేయనివాడు ప్రోనోటు మీద దావా వేసి, మొత్తానికీ డిక్రీ తెచ్చుకొని, ఇల్లు జప్తు చేయించినాడు. అది చూసి, సంతకము చేసినవాళ్ళు కూడా మేమే మోసపోయినామని షావుకారి మీద పడినారు. 1920 నాటి దివాలా చట్టము క్రింద కోర్టులో పెట్టి ఉంటే, బాకీ రుజువు చేసుకొని హాజరైనవాళ్ళలో తలల లెక్కన ఎక్కువమందీ, సొమ్ము లెక్కన ముప్పాతిక వంతూ ఒప్పుకొని జడ్జి ఆమోదించిన తరువాత, కోర్టు వ్రాసే బాకీల జాబితాకు, అంటే షెడ్యూలుకు, ఎక్కిన బాకీలవాళ్ళందరూ ఒప్పుకోనివాళ్ళతో సహా కట్టుబడవలసినదే. పరువు పోతుందని ఆయన కోర్టు గడప ఎక్కలేదు. తుదకు ఇల్లే పోయినది.

నీ కాగితము మీద ఎవరైనా 'రేపు చేస్తాను' అన్నారా?

ఇంకొకటి. బావ నీకు జామీను ఉన్నాడు. జామీనుదారును అడగకుండా అప్పు ఇచ్చినవాడు నీతో రాజీపడితే కాంట్రాక్టు చట్టము 135వ సెక్షను ప్రకారము జామీను విడిపోతుంది. కాబట్టి అప్పు ఇచ్చినవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాడెవడైనా సరే ముందు బావ సంతకము కోసమే వస్తాడు. అందుకేనేమో అతను ఆ మాట చెప్పి నా ముఖము వంక చూస్తూ నిలబడినాడు. అతనికి నీవే ఫోను చేయి.

మూడేళ్ళు దాటి కాలదోషము పట్టిన (దావా గడువు దాటిన) ప్రోనోట్లను ఆ జాబితాలో చేర్చి, ఇస్తానని వ్రాసి సంతకము చేస్తే వాటికి మళ్ళీ ప్రాణము వస్తుంది. తేదీలు చూడు. ఇచ్చిన ప్రతి వాయిదాకూ నోటు వెనుక చెల్లు వ్రాయించు. కడపటి వాయిదా నాడు నోటు చేతికి రానిదే డబ్బు లెక్కపెట్టవద్దు.

పాఠము చెప్పకూడదనే కూర్చున్నాను.

కాగితము నకలు పోస్టులో పంపు; ఫోనులో ఫోటో పంపితే నా కళ్ళకు ఆనదు. లేదా ఆదివారము నీవే తీసుకొని రా. మీ అమ్మ శెనక్కాయల పొడి కొట్టి డబ్బాలో పెట్టినది, కోడలికి కారము ఎక్కువవుతుందని వేరుగా కూడా చేసినది. పూటకు తింటున్నావా లేదా అని అడగమంటున్నది.

మీ నాయన