మిల్లు ఆగిన ఊరికి ఒక జవాబు కావాలి: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పాతబస్తీ ఛత్తా బజారులో చిన్న ముద్రణాలయం నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, బడిపిల్లల నోటుపుస్తకాలు మా పని. ముప్ఫై ఏళ్లుగా రోజూ కాగితాన్ని చేత్తో తడిమి, దాని మందాన్నీ నునుపునూ వేలికొసతోనే పోల్చుకోవడానికి అలవాటుపడినవాణ్ణి కనుక, ఆ కాగితం తయారయ్యే ఊళ్ల మంచిచెడ్డలు నాకు పరాయి సంగతిగా ఎన్నడూ అనిపించలేదు. కాగితపు మిల్లు ఆగిపోయినప్పుడు దాని చుట్టూ పెరిగిన చిన్న ఊరికి ప్రభుత్వం ఏమి చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి అన్న ఒక్క విషయాన్ని మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో ఒక ఊరికి కాగితమే పేరయింది. నిజాం పాలనలో 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్స్ 1942లో ఉత్పత్తి మొదలుపెట్టాక, కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్‌గా మారింది. ఆదిలాబాద్ అడవుల వెదురు, కాజీపేట నుంచి బల్లార్షాకు పోయే రైలు మార్గం, మిల్లు వేసిన క్వార్టర్లు, మిల్లు సైరన్ చెప్పే వేళలు, వీటి మధ్యనే ఆ పట్టణం పెరిగింది. అదే ఊళ్లో కృత్రిమ పట్టు తయారుచేసే సర్‌సిల్క్ ఫ్యాక్టరీ 1980లలోనే మూతపడింది. ఆ దెబ్బ చూసిన తరం ఇంకా బతికి ఉండగానే, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే, సెప్టెంబరులో, కాగితపు మిల్లు కూడా ఆగిపోయింది. దివాలా పరిష్కార ప్రక్రియ ద్వారా జేకే పేపర్ సంస్థ దానిని తీసుకుని, ప్రభుత్వం రాయితీలు ఇచ్చి, 2018లో మళ్లీ నడిపించే దాకా నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లలో పదో తరగతిలో ఉన్న పిల్లవాడు డిగ్రీ చదివే వయసుకు వచ్చాడు. మిల్లు తిరిగి తెరుచుకోవడం నిజంగా మంచి పని, అందుకు పాటుపడిన వారందరికీ కృతజ్ఞతలు చెప్పవలసిందే. అయితే ఆ నాలుగేళ్లు ఆ ఊరు ఎలా గడిపిందో ఏ ప్రభుత్వ కార్యాలయమైనా లెక్క రాసిపెట్టిందా?

అదే 2014లో, ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న కమలాపురంలో, బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌కు చెందిన గుజ్జు ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. అక్కడ తయారయ్యేది కాగితం కాదు, రేయాన్ నూలుకు పనికివచ్చే కలప గుజ్జు. అయినా కలప, దాన్ని ఉడికించే డైజెస్టర్లు, బాయిలర్లు, కాంట్రాక్టు కూలీలు, క్వార్టర్లు, అన్నీ కాగితపు మిల్లు ఊరి తీరే. తక్కువ ధరకు దిగుమతయ్యే గుజ్జుతో పోటీపడలేక ఉత్పత్తి నిలిచిపోయింది. ప్రభుత్వం రాయితీలు ప్రకటించినా ఆ ఫ్యాక్టరీ మళ్లీ నడవలేదు. ఒక ఊరికి నాలుగేళ్ల తరువాత పని దొరికింది, ఇంకొక ఊరికి దొరకనే లేదు. ఈ రెండు ఊళ్లకూ ఆ కాలంలో ఉమ్మడిగా ఉన్నది ఒక్క మాట: "తెరుస్తారట."

మంత్రి గారూ, మిల్లు ఆగిన ఊరిని అన్నిటికంటే ఎక్కువగా నష్టపరిచేది ఈ మాటేనని నా నమ్మకం. మా ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పనిచేసే అన్న ఒకరు ఇలాంటి ఊరి నుంచే వచ్చారు. ఆ ఊరి పేరూ మిల్లు పేరూ రాయవద్దని ఆయన కోరారు కనుక రాయడం లేదు. అక్కడ ఆయన ఫినిషింగ్ హౌసులో రీములు కట్టేవారు. ఐదేసి షీట్లను వేళ్ల మధ్య విసనకర్రలా విప్పి అయిదు వందలు లెక్కపెట్టడం ఇప్పటికీ ఆయన చేసినంత వేగంగా మా దగ్గర ఎవరూ చేయలేరు. మిల్లు ఆగాక ఆయన ఒంటరిగా ఈ నగరానికి వచ్చి, ముందు ఒక అపార్టుమెంటుకు కాపలా ఉండి, తరువాత మా దగ్గర చేరారు. భార్యాపిల్లలు మాత్రం రెండేళ్లకు పైగా ఆ ఊరి క్వార్టర్లోనే ఉండిపోయారు. ఎందుకంటే ప్రతి పండుగకూ ఎవరో ఒకరు "వచ్చే నెలలో తెరుస్తారట" అనేవారు. ఆ మాట వినిపించినప్పుడల్లా పిల్లల బడి మార్చడం వాయిదా పడేది, చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో ఇక్కడ చిన్న కొట్టు పెట్టుకుందామన్న ఆలోచన వాయిదా పడేది, ఊళ్లో కొన్న ఖాళీ స్థలాన్ని ధర ఉండగానే అమ్మడమూ వాయిదా పడేది. చివరికి అమ్మబోతే కొనేవారే లేకపోయారు. మిల్లు తెరవరని మొదటి ఏడాదే ఎవరైనా ఖచ్చితంగా చెప్పి ఉంటే తాము ఏడ్చి ఊరుకుని, దారి వెతుక్కునేవారమని ఆయన అంటారు. ఆ మాటలో నాకు కోపం కంటే అలసటే ఎక్కువగా వినిపిస్తుంది.

మిల్లు ఆగిందనగానే వార్తల్లో వచ్చేది పర్మనెంటు కార్మికుల సంఖ్య ఒక్కటే. కలప దించే హమాలీలు, కలపను ముక్కలు చేసే చిప్పర్ హౌసులో కాంట్రాక్టరు కింద పనిచేసే మనుషులు, లారీ క్లీనర్లు, అడవిలో వెదురు నరికి కట్టలు కట్టే గోండు, కోలాం కుటుంబాలు ఆ సంఖ్యలో ఉండరు. షిఫ్టు మారే వేళకు గేటు ముందు టీ కాచే మనిషీ, క్వార్టర్లకు పాలు పోసే రైతూ ఉండరు. జీతాల రోజు దాకా ఖాతా రాసుకుని సరుకులిచ్చే కిరాణా వ్యాపారికి మిల్లు ఆగిన నెలలో వచ్చే నష్టం కార్మికుడి నష్టం కంటే తక్కువేమీ కాదు. బాకీ పుస్తకం ఆయన దగ్గర ఉంటుంది, బాకీ తీర్చవలసినవారు మాత్రం హైదరాబాదుకో సూరత్‌కో వెళ్లిపోయి ఉంటారు. మిల్లు యాజమాన్యం నడిపే ఆసుపత్రి, బడి, మంచినీటి సరఫరా ఒక్కొక్కటే సన్నగిల్లినప్పుడు ఆ బరువు మున్సిపాలిటీ మీదనో పంచాయతీ మీదనో పడుతుంది. సరిగ్గా అప్పుడే వాటికి మిల్లు నుంచి రావలసిన పన్ను కూడా ఆగిపోతుంది.

రైతుల సంగతి వేరుగా చెప్పాలి. కాగితపు పరిశ్రమ తనకు కావలసిన కలపను అడవి నుంచి కాక రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ మాట నమ్మి, మిల్లుల ప్రోత్సాహంతో, ఎందరో రైతులు సుబాబుల్, జామాయిల్ తోటలు వేశారు. పత్తి రైతు ఒక ఏడు నష్టపోతే మరుసటి ఏడు మక్క వేయగలడు. మూడు నాలుగేళ్లు పెంచిన తోట కోతకు వచ్చిన నాడు దగ్గరి మిల్లు ఆగిపోతే, దూరపు మిల్లుకు లారీ కిరాయి కట్టుకుని అమ్మవలసిందే, అక్కడ దళారి చెప్పిందే ధర. భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు నడుస్తూ ఉండబట్టి ఆ చుట్టుపక్కల రైతుకు కొంత ఊరట ఉంది. ఒక ప్రాంతంలోని చెట్ల రైతులందరూ ఒకటి రెండు గేట్లనే నమ్ముకుని ఉండటం ఎంత ప్రమాదమో వ్యవసాయ శాఖతో కలిసి మీ శాఖ ఆలోచించాలి.

ఆలస్యం ఎందుకు ఇంత చెరుపు చేస్తుందో యంత్రాల వైపు నుంచి కూడా చూడండి. కాగితపు మిల్లు తాళం వేసి, ఏడాది తరువాత దుమ్ము దులిపి తెరవగలిగే గిడ్డంగి కాదు. కలప ముక్కలను కాస్టిక్ సోడాతో ఉడికించే డైజెస్టర్లు, మిగిలిన నల్లని ద్రవాన్ని మండించి రసాయనాలను తిరిగి రాబట్టే రికవరీ బాయిలర్లు, మైళ్ల కొద్దీ గొట్టాలు, అద్దంలా నునుపుగా ఉండవలసిన రోలర్లు, ఇవన్నీ నడుస్తూ ఉంటేనే బాగుంటాయి. ఆగిన ప్రతి వానాకాలం వాటిని తుప్పుకు అప్పగిస్తుంది. కనుక మొదటి ఏడాది తెరవగలిగిన మిల్లును అయిదో ఏట తెరవాలంటే దాదాపు కొత్త మిల్లు కట్టినంత పని అవుతుంది. పాత యంత్రాల గుండె చప్పుడు తెలిసిన మేస్త్రీలు, ఆపరేటర్లు కూడా అప్పటికి ఊళ్లో ఉండరు.

ఇక చట్టం సంగతి. 100 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీని మూసివేయాలంటే 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతి కోరాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఓ నిబంధన చెప్పేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. అంటే చిన్న మిల్లుల కార్మికులకు ఆ రక్షణ కూడా పోయింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చాలా ఫ్యాక్టరీలు చట్టం చెప్పిన అర్థంలో మూతపడవు, ఊరికే ఆగిపోతాయి. గేటు మీద షట్‌డౌన్ నోటీసు అంటిస్తారు. కరెంటు బకాయి అంటారు, ముడిసరుకు లేదంటారు. మూసివేత అనే మాట ఏ కాగితం మీదా ఉండదు కనుక నష్టపరిహారం అడగడానికి గానీ గ్రాట్యుటీ అడగడానికి గానీ కార్మికుడి చేతిలో ఒక తేదీ ఉండదు. వ్యవహారం దివాలా కోర్టుకు చేరితే ప్రక్రియ 330 రోజుల్లో ముగియాలని నియమం ఉంది. ఆస్తులు అమ్మే దశ వస్తే, కార్మికులకు రావలసిన 24 నెలల బకాయికి తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన స్థానం కూడా ఉంది. కానీ ఆ స్థానం మిల్లు రిజిస్టరులో పేరు ఉన్నవారికి దక్కినంత సులువుగా కాంట్రాక్టరు మస్టరులో మాత్రమే పేరు ఉన్నవారికి దక్కదు.

ఈ ఆలస్యం ఎంత దూరం పోతుందో అస్సాం చూపింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ పేపర్ కార్పొరేషన్‌కు చెందిన కచార్ మిల్లు 2015లో, నగావ్ మిల్లు 2017లో ఆగిపోయాయి. అస్సాం ప్రభుత్వం ఆ కార్మికులకు 570 కోట్ల రూపాయల సహాయం ప్రకటించినది 2021లో. నగావ్ మిల్లు ఉన్న జాగీరోడ్‌లో ఆ స్థలాన సెమీకండక్టర్ల పరిశ్రమకు 2024లో శంకుస్థాపన జరిగింది. భూమి తిరిగి ఉపయోగంలోకి రావడం మంచిదే, కానీ మధ్యలో పోయిన ఏళ్లను కాగితపు మిల్లు ఆపరేటరుకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అందుచేత మిమ్మల్ని కోరేది ఇది. ఒక పట్టణానికో పల్లెకో ఆధారమైన ఫ్యాక్టరీ ఏ కారణం చేతనైనా 30 రోజులకు మించి ఆగితే, ఆ రోజునే లెక్కలోకి తీసుకుని జిల్లా కలెక్టరు ఇంటింటి లెక్క తీయించాలి. అందులో పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికులతో పాటు చిన్న వ్యాపారులూ కలప రైతులూ ఉండాలి. ఏడాది లోపల ప్రభుత్వం ఆ ఊరికి లిఖితంగా చెప్పాలి: ఈ మిల్లును తెరిపించగలమని మేము నమ్ముతున్నాము, లేదా నమ్మడం లేదు. నమ్మకపోతే భూమి, క్వార్టర్లు, నీటి సరఫరా ఏమవుతాయో కూడా అందులోనే ఉండాలి. కమలాపురానికి ఈ జవాబు ఎన్నో ఏళ్లుగా బాకీ ఉంది. మొదట దానిని తీర్చండి. ప్రజల సొమ్ముతో రాయితీలిచ్చి తెరిపించిన చోట, కాగజ్‌నగర్‌లో, పాత కార్మికుల్లో ఎంతమంది తిరిగి పనిలో ఉన్నారో, కొత్తగా చేరిన వారిలో స్థానికులు ఎందరో ఏటా ప్రకటించే ఏర్పాటు చేయండి. ఇందులో కోట్ల ఖర్చుతో కూడిన పని ఒక్కటీ లేదు. ప్రభుత్వానికి కష్టమనిపించేది "తెరవలేము" అని చెప్పవలసి రావడమేనని నాకు తెలుసు, కానీ ఆ మాట అధికారంలో ఉన్నవారు చెప్పకపోతే ఊరికి చెప్పేవారు ఇంకెవరూ లేరు.

కమలాపురంలో ఆ ఇంటింటి లెక్కకు మీరు ఆదేశిస్తే, దానికి కావలసిన ఫారాలన్నీ మా ప్రెస్సులో ఉచితంగా అచ్చు వేసి ఇస్తాము. రీములు లెక్కపెట్టడానికి మా అన్న ఉన్నారు.

భవదీయుడు,
ఛత్తా బజారు ముద్రాపకుడు