పెళ్లిళ్లు మూడు, స్నేహాలు పన్నెండు

సంపాదకులకు నమస్కారం.

నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ది ఫోర్ సీజన్స్’ సిరీస్ మీద ప్రేక్షకుల మాటలు ఎక్కడ చదివినా రెండు పక్షాలే కనిపిస్తున్నాయి. దీనికి మూలమైన పాత సినిమాను పాడుచేశారని ఒక పక్షం, ఏమీ జరగదు, కూర్చుని కబుర్లు చెప్పుకుంటారంతే అని ఇంకో పక్షం. రెంటిలోనూ కొంత నిజముంది. కాకపోతే లోపం సరిగ్గా ఎక్కడుందో ఎవరూ వేలుపెట్టి చూపించడం లేదు. ఆ పని చేద్దామనే ఈ ఉత్తరం. కథ చివరి మలుపు కూడా ఇందులో వస్తుంది, వచ్చే ముందు చెబుతాను.

ముందు ఒక చిన్న దిద్దుబాటు. 1981లో అలన్ ఆల్డా రాసి, తీసి, తానే నటించిన అదే పేరున్న సినిమా దీనికి మూలం. కేరల్ బర్నెట్, రీటా మొరేనో, శాండీ డెనిస్ అందులో ఉన్నారు. మూడు జంటలు, ఏడాదిలో నాలుగు విహారయాత్రలు, వెనక పాశ్చాత్య స్వరకర్త వివాల్డి సంగీతం. దాన్ని నెట్‌ఫ్లిక్స్ కోసం టీనా ఫే, లాంగ్ ఫిషర్, ట్రేసీ విగ్‌ఫీల్డ్ ఎనిమిది ఎపిసోడ్లుగా మలిచారు. ఆ మొదటి సీజన్ 2025 మే 1న వచ్చింది. దీన్ని టీవీకి తేవడం ఇదే మొదటిసారి అనుకుంటున్నారు చాలామంది. కాదు. 1984లోనే అమెరికాలోని సీబీఎస్ చానల్ 13 ఎపిసోడ్లు వేసింది. సినిమాలోని ముఖ్య నటుల్లో ఒకరైన జాక్ వెస్టన్ అందులోనూ నటించారు. అది నిలబడలేదు.

ఇక ‘సాగదీశారు’ అన్న ఫిర్యాదు. సినిమా నిడివి రెండు గంటల లోపే. అంటే ఒక్కో రుతువుకు అరగంట కూడా పడలేదు. సిరీస్‌లో ఒక్కో రుతువుకు రెండు ఎపిసోడ్లు, సుమారు గంట. సమయం రెట్టింపు దాటింది, కథ మాత్రం చాలావరకు అదే. ఆ అదనపు సమయం ఎక్కువగా ఎక్కడికి పోయిందో చూడండి: ప్రతి యాత్ర మొదటి సగంలోకి. పెట్టెలు దించడం, గదులు పంచుకోవడం, ఆ చోటు పద్ధతులు తెలుసుకోవడం. వేసవి భాగంలో ఇది మరీ ముదిరింది. పర్యావరణ రిసార్టులో సుఖాలు లేవన్న ఒకే హాస్యాన్ని తిప్పి తిప్పి వాడారు. పాత సినిమాలో ఇదే చోట ఒక పడవ ఉంటుంది. పడవలో అందరూ ఇరుకున ఉంటారు, పక్క గదిలో చప్పుడు వినిపించక తప్పదు, తప్పించుకుపోయే దారి లేదు. ఇబ్బంది ఆ చోటులోంచే పుట్టింది. రిసార్టులో నడిచి అవతలికి వెళ్లిపోవచ్చు, అందుకే బిగువు సడలింది.

చూసే పద్ధతి వల్ల కూడా కొంత నష్టం జరుగుతోంది. రోజుకొకటి చూస్తే ఇవాళ ముడి, రేపు విప్పడం. మధ్యలో రాత్రి గడిచేసరికి ముడి ఏమిటో గుర్తుండదు. ఎనిమిదీ ఒకే రాత్రి చూస్తే నాలుగుసార్లు పెట్టెలు దించడమే చూస్తున్నట్టుంటుంది. ఒకటి-రెండు, మూడు-నాలుగు అలా జతగా, నాలుగు విడతల్లో చూడాలి. రచన అలాగే జరిగింది.

కానీ అసలు చిక్కు నిడివిది కాదు, లెక్కది. సిరీస్‌లో జంటలు మూడు: నిక్, ఆన్; జాక్, కేట్; డానీ, క్లాడ్ (వీళ్లిద్దరూ మగవాళ్లే). ఈ ఆరుగురిలో ఇద్దరిద్దరి మధ్య బంధాలు లెక్కేస్తే పదిహేను. వాటిలో పెళ్లిళ్లు మూడు, మిగిలిన పన్నెండూ స్నేహాలు. నిక్, ఆన్ విడిపోతే తెగేది ఒక్క పెళ్లి. కదిలిపోయేవి ఎనిమిది స్నేహాలు: మిగతా నలుగురితో నిక్‌కున్నవి నాలుగు, ఆన్‌కున్నవి నాలుగు. ఎవర్ని పిలవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి దగ్గర ఎవరి పేరెత్తకూడదు, ఇదంతా ఆ ఎనిమిదింటి గొడవ. ప్రేక్షకులేమో మూడు పెళ్లిళ్ల మీదే తీర్పు చెబుతున్నారు: నిక్ చేసింది తప్పా, కేట్ మరీ కటువా, జాక్ మరీ మెతకా అని. వాళ్లను తప్పుపట్టలేం, కెమెరా కూడా చాలాసేపు అటే చూస్తుంది.

స్నేహాల వైపు చూసిన చోట మాత్రం సిరీస్ నిజంగా బాగుంది. మొదటి యాత్రనే తీసుకోండి. ఇరవై అయిదేళ్ల పెళ్లిరోజుకు భర్తకు తెలియకుండా మళ్లీ ప్రమాణాల వేడుక ఏర్పాటు చేస్తోంది ఆన్. అదే ఇంట్లో నిక్ ఆమెను వదిలేద్దామనుకుంటున్నట్టు స్నేహితులకు చెబుతాడు. రెండు రహస్యాలూ చేరింది ఆ స్నేహితుల దగ్గరికే. ఇక వాళ్లు నోరు విప్పితే ఒకరికి ద్రోహం, విప్పకపోతే ఇంకొకరికి ద్రోహం. భార్యాభర్తల సన్నివేశం ఒక్కటి కూడా అవసరం లేకుండానే ఆ పెళ్లి ఎంత పాడైందో తెలిసిపోతుంది. కేట్, డానీల చనువూ అలాంటిదే. ఒకరి భర్తను గురించి మరొకరు వెక్కిరించుకోగలిగినంత దగ్గరితనం. జాక్, క్లాడ్‌ల మధ్య మాత్రం దాదాపు ఏమీ రాయలేదు. గంట గంట సమయం చేతిలో ఉంచుకుని అది ఖాళీగా వదిలేయడం బద్ధకమే.

పాత సినిమాలోని డానీ, క్లాడియా దంపతులు ఇక్కడ డానీ, క్లాడ్ అనే ఇద్దరు మగవాళ్లయ్యారు. దాని మీద వాదులాట జరుగుతోంది గానీ, కథకు పెద్ద మార్పు అది కాదు. పెద్ద మార్పు ఆన్. సినిమాలో భర్త వదిలేశాక ఆమె దాదాపు కథలోంచే జారిపోతుంది. సిరీస్ ఆమెను పోనివ్వలేదు. ఆన్‌గా కెరీ కెన్నీ-సిల్వర్ నటన దీనికి ప్రాణం. శరత్కాలంలో కూతురు కాలేజీలో తన ఇంటి కథనే నాటకం చేసి ఆడితే, నాన్న కొత్త స్నేహితురాలు, వయసులో చాలా చిన్నదైన జిన్నీని తెలివితక్కువదానిగా చూపిస్తే, ఆ జిన్నీ ప్రేక్షకుల మధ్యే కూర్చుని ఉంటుంది. అక్కడ నవ్వాలో వద్దో తేలని ఇబ్బందే ఈ సిరీస్‌లో మేలైన హాస్యం.

హాస్యం తక్కువైందని నొచ్చుకున్నవారు టీనా ఫే పాత హాస్య సిరీస్ ‘30 రాక్’ మనసులో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ జోకు మీద జోకు పడుతుంది, ఇక్కడ ఆ వేగం ఉద్దేశం కాదు. ఇంకో చిన్న కారణం సబ్‌టైటిల్స్. భోజనాల బల్ల దగ్గర నలుగురు ఒకరి మాటకు ఒకరు అడ్డంపడి మాట్లాడతారు. కింద పట్టేవి రెండు వరుసలే కాబట్టి పెద్ద గొంతు మాట ఉంటుంది, గొణుగుడు పోతుంది. చమత్కారం ఎక్కువసార్లు ఆ గొణుగుడులోనే దాక్కుంటుంది. అలాంటి చోట పది సెకన్లు వెనక్కి వెళ్లి, అక్షరాలు చదవకుండా ముఖాలు చూడండి.

డబ్బున్నవాళ్ల బాధలు ఇవి అన్న విమర్శ నిజమే. 1981లోనూ నిజమే.

ఇక్కడి నుంచి ముగింపు సంగతి. చూడనివారు చివరి పేరాకు వెళ్లిపోండి. డానీ గుండెజబ్బును మొదటినుంచీ చూపిస్తూ వచ్చి, ఏడో ఎపిసోడ్‌లో కారు ప్రమాదంలో నిక్‌ను చంపారు. సినిమాలో నిక్ చనిపోడు. మోసం చేశారని కోప్పడుతున్నారు ప్రేక్షకులు. కళ్లను ఒకవైపు తిప్పి దెబ్బ ఇంకోవైపు కొట్టడం పాత విద్యే, అందులో మోసం లేదు. నా అభ్యంతరం వేరు. జిన్నీ వయసు స్నేహితుల మధ్య నిక్ ఎంత పొసగకుండా ఉన్నాడో అప్పుడే చూపించడం మొదలుపెట్టారు. కొత్త జీవితం కూడా పాతబడుతుందా అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. జవాబు రాయాల్సిన చోట మనిషినే తీసేశారు. అయితే ఎనిమిదో ఎపిసోడ్ ఆ నష్టాన్ని కొంత పూడ్చింది. నిక్ లేడు, జిన్నీ గర్భవతి. ఈ గుంపుకు ఆమె ఏమవుతుంది? వాళ్ల మధ్య వంతెనగా ఉన్న మనిషే పోయాడు. పెళ్లి బంధం కాదు, ఇంకా స్నేహమూ కాదు. పన్నెండింటి లెక్కలో చోటు లేని ఈ బంధమే సిరీస్ సొంతంగా కనిపెట్టుకున్నది.

సంపాదకులకు ఒక మనవి. రీమేక్ సమీక్షలు వేసేటప్పుడు పాత చిత్రం ఏ సంవత్సరానిదో, ఎవరిదో మొదటి పేరాలోనే ఇవ్వండి. ఆల్డా కొత్త సిరీస్‌లో ఆన్ తండ్రిగా కాసేపు కనిపిస్తారు. ఆయనెవరో తెలియనివారికి అది ఎవరో ముసలాయన సన్నివేశం. ముగింపు మలుపును మాత్రం దయచేసి శీర్షికలో పెట్టకండి, ఫొటో కింది వ్యాఖ్యలోనూ వద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు