రిలే పోయిందని పిల్లలు డబ్బులు అడిగితే…

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎస్‌ఏ-1 పరీక్షలు ముగిశాయి, ప్రోగ్రెస్ కార్డులు మీ చేతికి అందాయి. మార్కుల గురించి సమావేశంలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఈ నెల వార్తాలేఖలో ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. దాని పేరు రిలే మాడ్యూల్. రోబోటిక్స్ పోటీలకు తయారవుతున్న పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఇప్పటికే వినిపించి ఉంటుంది. "నాన్నా, రిలే పోయింది, డబ్బులు కావాలి" అని.

ఆ డబ్బులు ఇవ్వొద్దని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకో వివరంగా చెబుతాను.

పొలం దగ్గర మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టుకున్నవాళ్లకు రిలే కొత్త వస్తువు కాదు. కరెంటు రాగానే డబ్బాలోంచి టక్ మని చప్పుడొచ్చి మోటారు ఆన్ అవుతుంది కదా. లోపల ఒక తీగ చుట్ట ఉంటుంది. దానికి కొద్దిపాటి కరెంటు అందగానే అది అయస్కాంతమై, పెద్ద కరెంటు మోసే స్విచ్చును లాగుతుంది. పిల్లలు వాడే రిలే చేసేదీ అదే పని. ఒక చిన్న బోర్డు, దాని మీద నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, ఒక పక్క మూడు స్క్రూలు, రెండో పక్క మూడు పిన్నులు. మొత్తం కలిపి దాదాపు అగ్గిపెట్టెంత ఉంటుంది. ఇది ఎందుకు కావాలంటే, రోబోకు ఆదేశాలిచ్చే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డునో ఉనో ఆర్3 బోర్డులో ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకానే నిశ్చింతగా తీసుకోవచ్చు, 40 దాటితే చిప్పు పాడవుతుంది. పిల్లలు చేసే రోబో బండి మోటారుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఆ నీలం డబ్బాలోని తీగ చుట్టకే 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. అందుకే రిలేను ఒంటరిగా కాకుండా ట్రాన్సిస్టర్, డయోడ్ బిగించిన బోర్డుతో కలిపి మాడ్యూల్‌గా కొంటారు.

దాని ధర పెద్దదేం కాదు. ఒక్క ఛానెల్‌ది, అంటే ఒకే రిలే ఉన్నది, వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఇబ్బంది దొరకడంలోనే ఉంది. మన మిర్యాలగూడలో రైస్ మిల్లుల పుణ్యమా అని కాంటాక్టర్లు, ఓవర్‌లోడ్ రిలేలు, స్టార్టర్లు ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఉంటాయి. అయిదు వోల్టుల రిలే మాడ్యూల్ మాత్రం ఉండదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. కోఠికి వెళ్లిరావడమంటే రోజంతా పోయినట్టే, బస్సు చార్జీలు మాడ్యూల్ ధరను ఎప్పుడో దాటిపోతాయి. ఆన్‌లైన్‌లో పెడితే పోటీ అయిపోయిన మర్నాడు పార్సిల్ రావడమూ మనం చూశాం. పైగా పోటీల రోజులు, ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల రోజులు దగ్గరదగ్గరగా వస్తాయి. అందరికీ ఒకేసారి అవే కావాలి.

పిల్లలు ఈ ప్రాజెక్టులు చేసుకునే మన అటల్ టింకరింగ్ ల్యాబు పద్దు సంగతి కూడా మీకు తెలియాలి. నీతి ఆయోగ్ ఈ ల్యాబుకు మొదట్లో పరికరాల కోసం, ఆ తర్వాత అయిదేళ్ల నిర్వహణ కోసం, మొత్తం 20 లక్షల దాకా ఇచ్చే పథకంలో మనకు చోటిచ్చింది. ఆ డబ్బుతో కొన్న త్రీడీ ప్రింటర్, మల్టీమీటర్లు, టూల్స్ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. కానీ రిలేలు, వైర్లు, బ్యాటరీలు అరిగిపోయే సరుకు. అయిదేళ్ల గడువు పూర్తయింది కాబట్టి వాటిని ఇప్పుడు మనమే చూసుకోవాలి. అందువల్ల ప్రతి రిలేకూ విలువ పెరిగింది.

ఇక అసలు విషయం. నిరుడు జిల్లా స్థాయి ప్రదర్శనకు రెండు రోజుల ముందు మన తొమ్మిదో తరగతి పిల్లల నీటి పంపు ప్రాజెక్టులో రిలే ఆగిపోయింది. ఒక తండ్రి పాపం ఆ రాత్రే ఎవరినో పట్టుకుని, హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులో కొత్త మాడ్యూల్ తెప్పించారు. చూడటానికి సైజూ పిన్నులూ దాదాపు అలాగే ఉన్నాయి. బిగించారు. పంపు ఆన్ అయింది, మరి ఆగలేదు! కోడ్ మార్చారు, ఆర్డునో మార్చారు, అయినా ఆగదు. కారణం ఏమిటంటే, అది సాలిడ్ స్టేట్ రిలే, అంటే లోపల కదిలే స్విచ్చు లేని రకం. ఇంటి కరెంటు లాంటి ఏసీ లోడ్ కోసం చేసింది. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆ సున్నా దగ్గర అది ఆగుతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు రాదు కాబట్టి ఒకసారి ఆన్ అయ్యాక వదలదు. అమ్మినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. అది మోసమని నేను అనను, వాళ్లకు కనిపించింది రిలే అన్న పేరే. కానీ ఆ రాత్రి పిల్లలు పడిన టెన్షన్ చూస్తే ఎవరికైనా బాధేస్తుంది.

మార్చేటప్పుడు సరిచూసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. నీలం డబ్బా మీద ఎస్‌ఆర్‌డీ-05వీడీసీ అని ఉంటే అయిదు వోల్టులది, 12వీడీసీ అని ఉంటే పన్నెండుది. పన్నెండుది తెచ్చి అయిదు వోల్టులకు పెడితే టక్ మనే చప్పుడే రాదు, పిల్లలు అది పాడైన సరుకనుకుంటారు. కొన్ని బోర్డులు సిగ్నల్ ఇస్తే ఆన్ అవుతాయి, కొన్ని సిగ్నల్ తీసేస్తే ఆన్ అవుతాయి. రెండో రకాన్ని మొదటి రకం కోడ్‌తో వాడితే స్విచ్చు వేయగానే రోబో పరుగందుకుంటుంది. ఆర్డునో బదులు ఈఎస్‌పీ32 అనే బోర్డు వాడే జట్లకు ఇంకో చిక్కు. దాని పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులే కాబట్టి కొన్ని అయిదు వోల్టుల మాడ్యూళ్లు దాని మాట సగమే వింటాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. రిలే నిజంగా పోయిందా? పోతే ఎందుకు పోయింది?

మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఈ పని ఎలా చేస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. మొదట బ్యాటరీ తీసేస్తుంది. మాడ్యూల్ స్క్రూలలోంచి వైర్లు ఊడదీస్తుంది. ఆ మూడు స్క్రూల పేర్లు కామన్, ఎన్‌సీ (మామూలుగా కామన్‌తో కలిసి ఉండేది), ఎన్‌ఓ (రిలే టక్ మన్నాకే కామన్‌తో కలిసేది). మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి దాని ఒక మొన కామన్‌కు, ఇంకోటి ఎన్‌సీకి తాకిస్తుంది. బీప్ రావాలి. తర్వాత కామన్‌కు, ఎన్‌ఓకు తాకిస్తుంది. బీప్ రాకూడదు. వచ్చిందంటే లోపల స్విచ్చు అతుక్కుపోయినట్టే. ఆ తర్వాత మాడ్యూల్‌కు మాత్రమే కరెంటు ఇచ్చి, సిగ్నల్ పంపి, టక్ మన్నాక మళ్లీ అదే పరీక్ష. ఇప్పుడు ఎన్‌ఓ దగ్గర బీప్ రావాలి, ఎన్‌సీ దగ్గర పోవాలి. లైటు వెలుగుతూ చప్పుడు రాకపోతే తీగ చుట్టదో ట్రాన్సిస్టర్‌దో తప్పు. చప్పుడు వస్తూ బీప్ రాకపోతే కాంటాక్టులు కాలిపోయాయి. ఇదంతా అయ్యాక ఆ అమ్మాయి ఎక్కువసార్లు చెప్పే మాట, "మేడమ్, రిలే బాగానే ఉంది, స్క్రూ వదులైంది" అని. లేదా జంపర్ వైరు లోపల తెగి ఉంటుంది. లేదా బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. మోటారుకూ ఆర్డునోకూ ఒకే బ్యాటరీ పెడితే, మోటారు కదలగానే వోల్టేజీ పడిపోయి రిలే టకటకమని కొట్టుకుంటుంది. ఆ జబ్బుకు కొత్త రిలే మందు కాదు, వేరే బ్యాటరీ మందు.

నిజంగానే పోయినప్పుడు కూడా కారణం వెతకాలి. మన పిల్లల బండ్లు ముందుకూ వెనక్కూ నడవడానికి రెండు రిలేలు వాడతాయి. మోటారు రెండు వైర్లు రెండు రిలేల కామన్‌లకు వెళతాయి. ఎన్‌ఓలు రెండూ బ్యాటరీ ప్లస్‌కు, ఎన్‌సీలు రెండూ మైనస్‌కు. ఒకటి టక్ మంటే ముందుకు, రెండోది టక్ మంటే వెనక్కి. రెండూ ఊరుకుంటే మోటారు రెండు కొసలూ మైనస్‌లోనే కలుస్తాయి కాబట్టి బండి ఆగుతుంది. చక్కని ఏర్పాటు. కానీ బండి పూర్తి వేగంతో ముందుకు పోతుండగానే వెనక్కి నొక్కితే, లేక గోడకు గుద్దుకుని మోటారు తిరగలేక ఆగిపోతే, ఒక్కసారిగా భారీ కరెంటు లాగుతుంది. కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేచి అవి కరిగి అతుక్కుంటాయి. డబ్బా మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా ఆ నిప్పురవ్వ ముందు అంకె ఆగదు. కారణం పట్టించుకోకుండా కొత్త రిలే పెడితే రెండో రోజు అదీ కాలుతుంది. దిశ మార్చేముందు అర సెకను ఆగేలా కోడ్‌లో ఒక వరుస చేర్చితే, బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు పెడితే, మోటారు కాళ్ల మీద 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్ కెపాసిటర్ అతికిస్తే అదే రిలే సీజనంతా నడుస్తుంది. ఈ రకం రిలేకు మంచి లోడు మీద లక్షసార్లు ఆన్-ఆఫ్ అయ్యే ఆయుష్షు ఉంటుందని తయారీదారులే చెబుతారు. పిల్లల బండి ఏ పోటీలోనూ అన్నిసార్లు తిరగదు.

కాబట్టి బడిలో ఈ ఏడాది నుంచి ఒకే స్పేర్ పెట్టె ఉంటుంది. ఏ జట్టుకు కావాలన్నా అందులోంచే. ఏది పోయింది, ఎలా పరీక్షించారు, ఎందుకు పోయిందనుకుంటున్నారు అని రిజిస్టర్‌లో నాలుగు వరుసలు రాసి, పాతది పెట్టెలో వేసి, కొత్తది తీసుకోవాలి. పాత బోర్డు పారేయం. అయిదు కాళ్లున్న ఆ నీలం డబ్బాను మాత్రం సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీసి కొత్తది అతికించవచ్చు. పదో తరగతి పిల్లలకు అది వచ్చు.

ఇంట్లో విడిగా కొనొద్దని అడగడానికి పెద్ద కారణం వేరే ఉంది. ఒక జట్టు సంచిలో ఆరు రిలేలు, రెండు ఆర్డునోలు స్పేర్ ఉంటాయి. పక్క జట్టులో కూలికి వెళ్లే తల్లి కొడుకు ఉన్న ఒక్కదానితో భయపడుతూ కూర్చుంటాడు. ఆ దృశ్యం నా బడిలో నాకు వద్దు. పోటీలో ఒకరు ఓడితే ఓడనివ్వండి, కానీ వంద రూపాయల వస్తువు లేక ఓడకూడదు.

పెట్టెలో రిలే అయిపోయిందే అనుకోండి. అప్పుడూ దారులున్నాయి. చిన్న మోటార్లకు రిలే బదులు ఎల్298ఎన్ అనే మోటారు నడిపే బోర్డు పెట్టుకుంటే వేగం కూడా తగ్గించి పెంచవచ్చు. నన్నడిగితే చిన్న బండికి రిలేకన్నా అదే నయం, కాకపోతే దాని దగ్గరే రెండు వోల్టుల దాకా పోతుంది కాబట్టి బ్యాటరీ కాస్త ఎక్కువ వోల్టులది ఉండాలి. ఎక్కువ కరెంటు లాగే మోటార్లకు అలాంటిదే బీటీఎస్7960 బోర్డు ఉంది. స్టెప్పర్ మోటార్ కిట్లలో వచ్చే యూఎల్ఎన్2003 బోర్డు మన ల్యాబులో ఉంది. అది ఒక్కో దారిలో 500 మిల్లీ ఆంపియర్ల దాకా మోస్తుంది, డయోడ్లు లోపలే ఉంటాయి. దానికి విడి రిలే తగిలిస్తే మాడ్యూల్ తయారైనట్టే. విడి రిలే ఎక్కడ దొరుకుతుందంటే, మన ఊళ్లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా. కారు హారన్‌కు, హెడ్‌లైట్లకు వాడే 12 వోల్టుల రిలే కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 85, 86 తీగ చుట్టవి, 30 కామన్, 87 ఎన్‌ఓ. బరువు కొంచెం ఎక్కువ, కానీ మొండిది.

వేరే రకం పెట్టేముందు పోటీ నియమాల కాగితం చదవడం మాత్రం తప్పనిసరి. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు చాలామంది ఫస్ట్ రోబోటిక్స్ పోటీల్లో పాల్గొంటారు. అక్కడ ఏ రిలే వాడవచ్చో నియమ పుస్తకంలో మోడల్ పేర్లతో సహా ఉంటుంది. చాలా ఏళ్లు వాళ్లు గాలి కంప్రెసర్‌ను స్పైక్ అనే రిలేతో నడిపారు. 2015లో కొత్త కంట్రోల్ సిస్టం వచ్చాక కంప్రెసర్‌ను నేరుగా నడిపే మాడ్యూలే వచ్చి, ఆ పనికి రిలే అవసరం లేకుండా పోయింది.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ నీలం డబ్బా మీద 250వీఏసీ అని రాసి ఉంటుంది. అది చూసి ఇంట్లో ఫ్యానుకో బల్బుకో కలిపి చూద్దామని పిల్లలకు అనిపిస్తుంది. దయచేసి ఒప్పుకోవద్దు. బోర్డు కింద సోల్డర్ చుక్కలు తెరిచే ఉంటాయి, 230 వోల్టులు వాటిలోనే వస్తాయి. బడిలో 12 వోల్టుల బ్యాటరీ దాటి ఎవరినీ వెళ్లనివ్వం. ఇంట్లోనూ అదే నియమం పాటించండి.

డబ్బు బదులు నేను మీ నుంచి కోరేవి వేరే. మిల్లుల్లో ప్యానెళ్లు చూసే ఎలక్ట్రీషియన్లు, మోటార్ వైండింగ్ షాపుల వాళ్లు మన తల్లిదండ్రుల్లో ఉన్నారు. కాలిన కాంటాక్టర్‌ను విప్పి, లోపల నల్లబడిన పాయింట్లను పిల్లలకు చూపిస్తే మా టీచర్లు నెల రోజులు చెప్పేది వాళ్లకు పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఈ నెల చివరి శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ల్యాబు తెరిచి ఉంటుంది, వీలైనవాళ్లు రండి. పనిచేయని స్టెబిలైజర్లు, యూపీఎస్‌లు ఇంట్లో పడి ఉంటే విప్పకుండా అలాగే ఇవ్వండి, వాటిలోని రిలేలను సైన్స్ టీచర్ తీస్తారు. పాత డబ్బా టీవీలు మాత్రం తేవొద్దు, అవి ప్రమాదం. తెచ్చినవి ఆఫీసులో ఇచ్చి, రిజిస్టర్‌లో మీ అబ్బాయి లేదా అమ్మాయి పేరు, తరగతి రాయించండి. శనివారం వచ్చేవాళ్లు గురువారం లోపు క్లాస్ టీచర్‌కు ఫోన్‌లో చెబితే కుర్చీలు, టీ ఏర్పాటు చేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు